బుచ్చమ్మ ఇంటి ప్లాన్

బుచ్చమ్మ గోడ మీద పడి చనిపోయిన పదకొండో రోజున ఆమె పెట్టుకున్న దరఖాస్తు తిరిగొచ్చింది. పంచాయతీ ఆఫీసు గుమాస్తా దాన్ని కిటికీలోంచి బయటికి తోసి, "ప్లాన్ జత చెయ్యలే. ఇంజనీరు గీసిన ప్లాన్ మూడు కాపీలు గావాలె," అన్నాడు.

బుచ్చమ్మ భర్త సోమయ్య ఆ కాగితం అందుకోలేదు. నేను అందుకున్నాను. కింద ఆమె వేలిముద్ర ఉంది. మార్చి నెలలో ఆ బొటనవేలికి సిరా పూసి ఒత్తించింది నేనే.

"ఆమె చనిపోయిందండీ," అన్నాను. "ఆ గోడే పడింది. ఇప్పుడైనా కట్టుకోనివ్వండి."

గుమాస్తా కాగితం మళ్లీ చూశాడు. "గిది మరమ్మతుకు వెట్టిన దరఖాస్తు. ఇల్లే పడిపాయె, ఇగ మరమ్మతు దేనికి? కొత్తగ కడ్తమంటరా, లేఔట్ లేని జాగల పర్మిషన్ ఇయ్యరు."

మిత్రులారా, ఇల్లు నిలబడి ఉన్నన్నాళ్లూ ముట్టుకోవద్దన్నారు. కూలిపోయాక ఇల్లే లేదన్నారు. ఇది 1988లో, సికింద్రాబాదు స్టేషన్ ముందు బస్సెక్కితే గంటలో చేరే ఊళ్లో జరిగింది.

నేనెవరో కూడా చెప్పాలి. నా పేరు దేవానందం. చిలకలగూడలో ఉంటాను, మిషన్ బడిలో లెక్కలు చెబుతాను. ఆదివారం చర్చి కాగానే బస్సులో సైనిక్‌పురి దాకా వెళ్లి, అక్కణ్ణుంచి నడిచి, గుట్టకింది బస్తీలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవాణ్ణి. పదకొండు ఇళ్ల బస్తీ అది. అందరూ తాపీ పనివాళ్లే. చుట్టుపక్కల కాలనీల్లో మేడలు లేపి, సాయంత్రానికి తమ మట్టి గోడల మధ్యకు చేరేవాళ్లు. ఆ గోడలన్నీ ఒకే ఏడు పెట్టినవి, ఒకేసారి ఒరగడం మొదలుపెట్టాయి.

కాంట్రాక్టర్ కామరాజు కన్ను బస్తీ ఉన్న ఆ సర్కారు జాగా మీద పడింది. ముప్పై ఏళ్లుగా ఉంటున్న మనుషుల్ని వెళ్లగొట్టడం కష్టం. గోడలు వాటంతటవే పడితే తేలిక. అందుకే, పర్మిషన్ లేకుండా ఇటుక పెడితే కూలగొడతామని పంచాయతీ చేత నోటీసు ఇప్పించాడు.

అయినా సోమయ్య పదిమంది మేస్త్రీలను పోగేశాడు. ఒక్క ఆదివారంలో గోడ లేచేది. నేనే అడ్డుపడ్డాను. "చట్టప్రకారం పోదాం, కాగితం రానివ్వండి," అన్నాను. చదువుకున్నవాడి మాట గదా, తాపీలు కింద పెట్టేశారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం బుచ్చమ్మ వాకిట్లో ఎదురొచ్చేది. "సారూ, కాయితమొచ్చిందా?" రాలేదంటే వేలి కణుపులతో గోడ మీద కొట్టి చెవి పెట్టేది. తాపీ పనివాళ్లు గోడ బాగోగులు అలాగే చూస్తారు. గట్టి గోడ ఖంగుమంటుంది. ఆ గోడ డబ్బుమని ఊరుకునేది. "లోపల డొల్ల వడ్డది సారూ," అని నవ్వేది. జూన్ మొదటి వానకు అది ఆమె మంచం మీద పడింది. ఇప్పటికీ నల్లబల్ల మీద సుద్దముక్క తగిలినప్పుడు నాకు ఆ చప్పుడే వినబడుతుంది. లెక్క మధ్యలో నిలబడిపోతాను, పిల్లలు నా మొహం చూస్తుంటారు.

కాగితం తిరిగొచ్చిన సాయంత్రం, కూలిన గోడ ముందు బస్తీ అంతా కూర్చుంది. కలెక్టరుకు అర్జీ రాస్తానన్నాను.

"ఇంకెన్ని రాస్తవ్ సారూ?" అంది శ్యామలమ్మ. అందరికన్నా పెద్దది, ఇసుక జల్లించీ జల్లించీ వేళ్లు వంకరపోయిన మనిషి. "కాయితం కాయితమని బుచ్చిని సంపుకున్నం. నువ్వొక్కనివే గాదు, మేమందరం సుత. నోటీసిచ్చిన్రని చేతులు ముడుసుకొని కూసున్నం. ఇంక పది గోడలున్నయి. నీ కలెక్టరు సదివేదాంక వాన ఆగుతదా?"

"కొట్లాడితె పోలీసులొస్తరు," అన్నాడొక మేస్త్రీ.

"కొట్లాడకపోతె గోడొస్తది," అంది శ్యామలమ్మ.

పదకొండు రోజులుగా నోరు విప్పని సోమయ్య అప్పుడు మాట్లాడాడు. "ప్లాన్ అడిగిన్రు గద. ఇద్దాం."

"అది ఇంజనీరు గీయాలి సోమయ్యా, కాగితం మీద."

"ఇంజనీరు గీసింది నేల మీదికి దెచ్చేది ఎవలు సారూ? ఇరవై ఏండ్ల సంది పునాదులకు ముగ్గు వోస్తున్న. రేపు ఆళ్ల ముంగటనే వోస్త."

మర్నాడు ఆఫీసు తెరవకముందే ఆవరణలో చేరాం. సోమయ్య మేకులు కొట్టి దారం లాగాడు. మూలమట్టం పెట్టి మూలలు చూసుకున్నాడు. సున్నపు ముగ్గు పోస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. వెడల్పు పది అడుగులు, పొడుగు పన్నెండు. తలుపు, పొయ్యి, నీళ్ల గోలెం, అన్నీ ఉన్నచోటే పడ్డాయి. మంచం దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. శ్యామలమ్మ ముగ్గు డబ్బా తీసుకుని మంచం నాలుగు కోళ్లకూ నాలుగు చుక్కలు పెట్టింది. మనిషిని ఎవరూ గీయలేదు.

మిగతావాళ్లూ తమ తమ ఇళ్లు పోశారు. గేటు నుంచి మెట్ల దాకా ఆవరణంతా నిండింది. మెట్లను ఆనుకుని బుచ్చమ్మ ఇల్లు ఉంది. ఎవరు లోపలికి వెళ్లాలన్నా అందులోంచే వెళ్లాలి.

పది గంటలకు పంచాయతీ అధికారి సదాశివ జీపు దిగాడు. "ఏందయ్యా గీ తమాషా?"

"ప్లాన్ సార్," అన్నాడు సోమయ్య. "మూడు కాపీలంటె ఇంకో రెండు వోస్తం. జాగ సూపెట్టున్రి."

సదాశివ విసురుగా గీతలు దాటి వచ్చాడు. బుచ్చమ్మ ఇంట్లో అడుగుపెట్టగానే శ్యామలమ్మ మామూలు గొంతుతో అంది. "జెర సూసి నడువు సారూ. గాడ మంచముంటది. ఆమె ఆడనే పండుకుంటది."

ఆయన కాలు ఆగింది. ఖాళీ నేలకేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఆ నాలుగు చుక్కలకూ ఎడంగా, చుట్టూ తిరిగి మెట్లెక్కాడు. అంతమందిలోనూ ఆ చుక్కల మధ్య ఆమె పడుకునే ఉన్నట్టు నాకూ అనిపించింది.

ఆ వెంటనే కామరాజు వచ్చాడు. స్కూటరు దిగి, ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా నడిచాడు. పొయ్యి చెరిగింది, మంచం చెరిగింది. అతని బూట్ల తెల్లటి ముద్రలు మెట్ల మీద పడ్డాయి, వరండాలో పడ్డాయి. గుమాస్తా కిటికీ దగ్గర కూడా ఆగలేదు. సదాశివ గదిలోకి వెళ్లి కుర్చీ ముందు ఆగాయి.

ఉన్నవాడికి ఒక దారి, లేనివాడికి ఇంకో దారి అని వాళ్లకు ఏడాదిగా నేను పాఠంలా చెబుతూ వచ్చింది ఇప్పుడు నేల మీద కనబడింది.

"మూడు నెల్ల సంది మనకు గా కిటికీనే," అన్నాడు సోమయ్య మెల్లగా. ఆ ముద్రల మీద కాలు పెట్టి నడిచాడు. వెనకాల మేమంతా కదిలాం.

గుమాస్తా చేతులు అడ్డం పెట్టాడు. "లోపటికి పర్మిషన్ లేదు."

"ఆయన బుచ్చి ఇంట్లకెల్లి వచ్చిండు," అంది శ్యామలమ్మ. "మేం సుత అట్లనే వస్తున్నం. జరుగు."

గది నిండిపోయింది. గోడలు కట్టుకోవచ్చని రాసివ్వమని అడిగాం. సదాశివ నేల మీది ముద్రలకేసే చూస్తూ, "నా చేతుల ఏం లేదు," అన్నాడు. కామరాజు ఫోను అందుకున్నాడు. అరగంటలో పోలీసులు వచ్చారు. లాఠీలు లేచాయి. సోమయ్యనూ నన్నూ ఇంకో ఆరుగురినీ వ్యానులోకి ఎక్కించారు. నా చేతులకు ఇంకా సున్నం అంటుకుని ఉంది.

వ్యాను కదులుతుంటే శ్యామలమ్మ మిగిలిన మేస్త్రీలతో అన్న మాట వినబడింది. "పోలీసులందరు ఈడనే ఉన్నరు. పోదాం పాండ్రి, గోడ లేపుదాం."

నాలుగో రోజు బెయిలు మీద వచ్చేసరికి పదకొండు ఇళ్లకూ గోడలు లేచి ఉన్నాయి. పాత ఇటుకలు, పని చోట్ల మిగిలిన ముక్కలు, చేతికి దొరికినదల్లా పెట్టారు. ప్రతి తలుపుకూ ఒక నోటీసు అంటించి ఉంది. నన్ను చదవమన్నారు. సోమవారం కూలగొడతారట.

"జవాబు రాయనా?" అన్నాను.

"వద్దు సారూ," అంది శ్యామలమ్మ. "సోమారం నాడు నువ్వు రా, సాలు."

సోమవారం బడికి సెలవు చీటీ పంపకుండానే వచ్చాను. ఏ కాగితమూ రాయాలనిపించలేదు. కబురందుకుని చిలకలగూడ నుంచి రైల్వే కూలీలు వచ్చారు, పక్క బస్తీల వాళ్లు వచ్చారు, విద్యార్థులు వచ్చారు. ఇంటికి ఇరవైమంది చొప్పున లోపలికి వెళ్లి గోడలకు ఆనుకుని నిలబడ్డారు.

సోమయ్య కొత్త గోడ మీద వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టాడు. ఖంగుమంది. మళ్లీ కొట్టాడు. నావైపు చూడలేదు, తన పక్కన మాత్రం కాస్త చోటు ఇచ్చాడు.

రోడ్డు మీద జీపుల చప్పుడు వినబడింది. నేను లోపలికి వెళ్లి, సోమయ్య పక్కన, బుచ్చమ్మ మంచం ఉండే చోట నిలబడ్డాను.