మూడో వార్డులో క్లాసు

మందుల గురించి నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుందో, ఎలా వెతకాలో నర్సులకు నేర్పడం అలేఖ్య ఉద్యోగం. ఓ ఆసుపత్రి లైబ్రరీలో చేరి ఆరు నెలలైంది. ప్రతి గురువారం డ్యూటీ దిగినవాళ్లను సెమినార్ హాల్లో కూర్చోబెట్టి తెరమీద చూపించి, తర్వాత ఒక్కొక్కరినీ కంప్యూటర్లో వెతకమనేది. సగంమంది కునికేవారు. వెనక వరసలో కూర్చునే వరహాలమ్మ అయితే సంతకం పెట్టి, ఎలమంచిలి బండికి టైమైందంటూ లేచిపోయేది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసున్న మనిషే అలా చేస్తుంటే అలేఖ్యకు ఉక్రోషంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం, ఆ సంగతి అడిగేద్దామనే ఆవిడ పనిచేసే మూడో వార్డుకు వెళ్లింది. తవిటయ్య అనే పెద్దాయన మంచం పక్కన వరహాలమ్మ ఓ మాత్ర పట్టుకుని నిలబడి ఉంది. పక్షవాతంతో ఆయన ఏదీ మింగలేడు. ముక్కులోంచి వేసిన గొట్టంలోనే అన్నీ ఇవ్వాలి.

"క్లాసులో ఎందుకు ఉండటం లేదక్కా?" అంది అలేఖ్య.

వరహాలమ్మ తల దించుకుంది. "బండి కాదమ్మా. ఆ కంప్యూటర్ ముట్టుకోవాలంటే నాకు బయమేస్తాది. కుర్ర నర్సుల ముందర తప్పు కొడితే నవ్వుతారు కదా." మాత్ర చూపించి గొంతు తగ్గించింది. "ఇది ఇయ్యాలే కొత్తగా రాసేరు. నూరి గొట్టంలో ఎయ్యొచ్చో లేదో నాకు డౌటు. ఎవుర్ని అడగమంతావు? ఇన్నేళ్లయినా ఇది తెల్దా అంతారు."

అలేఖ్య కోపం ఎటు పోయిందో పోయింది. అర నిమిషంలో తనే వెతికి చెప్పగలదు. కానీ నర్సుల టేబుల్ మీది కంప్యూటర్ ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టి, తను స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"మీరే కొట్టండి."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. స్పెల్లింగ్ తప్పింది. "సూసేవా!" అంటూ లేవబోయింది.

"ఏం కాలేదక్కా. చెరిపేసి మళ్లీ కొట్టండి."

ఈసారి మందులమ్మే కంపెనీ ప్రకటన వచ్చింది. ఇది ఎవరు రాసి ఉంటారని అలేఖ్య అడిగింది. "అమ్ముకునీవోళ్లు," అని తనే దాన్ని మూసేసింది వరహాలమ్మ. ఆసుపత్రి డబ్బు కట్టి తెప్పించుకున్న ఆన్‌లైన్ మందుల గైడులో చివరికి దొరికింది: నెమ్మదిగా కరిగే మాత్ర, నూరకూడదు, నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. వేలు పెట్టి రెండుసార్లు చదివింది. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన మెచ్చుకుని, మాత్ర ఆపి సిరప్ రాశాడు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నాళ్లూ ఇలాటివి ఎన్ని నూరీసినానో తల్లీ."

అలేఖ్య ఆవిడ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఆవిడ కుదుటపడేదాకా అలాగే కూర్చుంది.

తర్వాతి గురువారం నుంచి హాలు తెరవలేదు. రోజుకో వార్డుకు తనే వెళ్లి, పావుగంట కూర్చుని, "ఇవాళ మీకొచ్చిన అనుమానమేంటి?" అని అడగసాగింది. హాజరు సంతకాలేవని పైవాళ్లు సణిగితే, నర్సులు అడిగిన ప్రశ్నలు రాసుకున్న పుస్తకం చూపించింది.

నెల తిరిగేసరికి మూడో వార్డులో కంప్యూటర్ ముందు నలుగురు కుర్ర నర్సులు మూగి ఉన్నారు. మధ్యలో వరహాలమ్మ.

"రామ్మా అలేఖ్యా," అని వార్డంతా వినబడేలా పిలిచింది. "ఇదేటో నాకూ తెల్దు. అందరం కలిసి సూద్దాం రా."