మునగని మోకాళ్ళు

పాస్టరు థామస్‌ని నేను క్షమించాలట. మా ఆవిడ రెజీనా పొద్దుటే మొదలుపెడుతుంది, ప్రభువు క్షమించమన్నాడు కదా అని. ప్రభువుకి బోరబండలో స్థలం లేదు. అనడం తేలికే.

నేను ఫిల్మ్‌నగర్‌లో సెట్లు కట్టే వడ్రంగిని. ఆరో తరగతితో చదువు ఆగినా ఒక సంగతి మాత్రం గట్టిగా తెలుసు: బాప్తిస్మమంటే నిండా మునగాలి. రెజీనా వాళ్ళది నెత్తిన నీళ్ళు చిలకరించే సంఘం. ఇరవై రెండేళ్ళుగా ఆదివారం ఆమెను థామస్ చర్చి గుమ్మంలో దించి, అదే బండి మీద నేను మా పాస్టరు ఏసుకుమార్ దగ్గరికి పోయేవాణ్ణి.

"చచ్చేలోగా ఇద్దరం ఒక్క కప్పు కింద మోకరించాలయ్యా," అంది ఒకరోజు.

దానికి కరిగాను. బోరబండలో నా స్థలాన్ని రెండు సంఘాలకూ కలిపి రాసిచ్చేశాను. రేకుల హాలు వేశాం. కాగితంలో ఒక షరతు నేనే పట్టుబట్టి పెట్టించాను: ఏ సంఘం అలిగి బయటికి పోతే దానికి హక్కు పోతుంది. థామస్ ఏడాది తిరక్కుండా అలుగుతాడని నా లెక్క.

కూలగొట్టిన సెట్టులోంచి, హీరోయిన్ స్నానం పాటకి వాడిన ఫైబర్ తొట్టి తెచ్చి వేదిక ముందు దింపాను. గులాబి రంగు.

మొదటి ఆరాధన రోజు నీళ్ళ ట్యాంకరు గుట్ట ఎక్కలేకపోయింది. బిందెలతో మోస్తే తొట్టి సగమే నిండింది. ముంచాల్సింది చరణ్ తేజని. డాన్సరు, ఆరడుగుల పైన. ఏసుకుమార్ తల ముంచితే మోకాళ్ళు లేచాయి. మోకాళ్ళు నొక్కితే తల లేచింది.

"జర జల్ది కానీ అన్నా, సలి పెడ్తుంది," అన్నాడు చరణ్.

"ఆగరా, నీలో పాపం చేసిన పాత మనిషి ఇంకా చావలా," అన్నాడు ఏసుకుమార్.

థామస్ లేచొచ్చాడు. "అవస్థ పడకండి బ్రదర్. తల మీ పద్ధతిలో ముంచెయ్యండి, మోకాళ్ళకి మా పద్ధతిలో నేను చిలకరిస్తాను." దోసిలి పట్టి చిలకరించాడు కూడా.

హాలంతా నవ్వింది. ఏసుకుమార్ నవ్వాడు. రెజీనా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

నేను లేచాను. "సత్యంతో వేళాకోళమా? మనవాళ్ళంతా లేవండి! ఈ కప్పు కింద మళ్ళీ కాలుపెడితే ఒట్టు!"

పదకొండు కుటుంబాలు నా వెనకే బయటికొచ్చాయి. తడి బట్టలతో ఏసుకుమార్ చివర్న వచ్చాడు.

థామస్ గేటు దాకా వచ్చాడు. "అన్నా, కాగితంలో ఏం రాయించారో గుర్తుందా? నవ్వించినందుకు క్షమించండి, లోపలికి రండి."

"మునిగినవాడు మాట మార్చడు," అన్నాను.

ఇప్పుడు ఆదివారం రెజీనాను ఆ గేటు దగ్గరే దించుతున్నాను. బయటే. నా తొట్టిలో వాళ్ళు బంతిమొక్కలు వేశారు.

ఎనభై మూడు గజాలు. తూర్పు ముఖం.