షికారు అన్న మాట

పందొమ్మిది వందల ముప్పై ఆరు ఎండాకాలంలో, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, ముగ్గురు మనుషులు లారీలో వచ్చి బడిపంతులు ఫెర్మీన్‌ను బయటికి పిలిచారు.

"మేష్టారూ, అలా పసేయోకి వెళ్ళొద్దాం రండి."

పసేయో అంటే స్పానిష్‌లో షికారు. సాయంత్రమైతే ఊరంతా వెళ్ళేదే. ఆయన కూతురు బెనెదిక్తకు అయిదేళ్ళు. గబగబా చెప్పులు తొడుక్కుని "నేనూ వస్తా" అంది.

"రేపు తీసుకెళ్తాలే తల్లీ," అని నాన్న ఆమె జుట్టు సవరించి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఆ ఏడు బుర్గోస్ పల్లెల్లో ఆ మాటకు ఇంకో అర్థం పుట్టింది. ఫలానావాడికి పసేయో ఇచ్చారంటే, ఊరవతలకు తీసుకెళ్ళి కాల్చేశారని. అది తెలియని బెనెదిక్త రోజూ గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేది. బడిలో ఒబ్దూలియా అనే పిల్ల, "మీ నాన్న షికారు ఇంకా అవలేదేమే?" అంటే పిల్లలంతా పకపకా నవ్వారు. బెనెదిక్త ఇంటికెళ్ళి అమ్మనడిగింది. అమ్మ ఆమె నోటికి చెయ్యి అడ్డంపెట్టి ఏడ్చింది. అప్పుడర్థమైంది.

తర్వాత డెబ్భై నాలుగేళ్ళపాటు ఎవరడిగినా "మా నాన్న పోయాడు" అనే చెప్పింది.

చివరికి గోధుమచేల పక్కన ఒక గోతిలో ఎముకలు బయటపడ్డాయి. పరీక్షల్లో ఫెర్మీన్‌వని తేలింది. బెనెదిక్త తన భర్త ఎవరిస్తోని వెంటబెట్టుకుని సమాధిరాయి చెక్కే అతని దగ్గరికి వెళ్ళింది.

"ఏం చెక్కమంటారు అమ్మమ్మా? 'కన్నుమూశారు' అనా?"

"మా నాన్న మంచంమీద పోలేదు బాబూ."

"'నేలకొరిగారు' అని చెక్కిస్తున్నారు చాలామంది. అందంగా ఉంటుంది."

"ఆయనేమన్నా కాలుజారి పడ్డాడా?"

ఎవరిస్తో నవ్వాడు. "నాకూ యాభై ఏళ్ళుగా ఇవే జవాబులు. ఓర్చుకో నాయనా."

బెనెదిక్త ఏదో చెప్పబోయి ఆగింది. ఎవరిస్తో తొందరపెట్టలేదు, ఊరికే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడామె, "అసెసినాదో," అంది. హత్య చేయబడ్డవాడు. అంత వయసొచ్చాక ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఉత్త 'చంపారు' అంటే సరిపోదా?" అన్నాడు చెక్కేవాడు మెల్లగా.

"కోడిని చంపుతాం, ఎలుకను చంపుతాం. యుద్ధంలో వాళ్ళు వీళ్ళని, వీళ్ళు వాళ్ళని చంపుతారు. మా నాన్న చేతిలో ఏమీ లేదు. కావాలని తీసుకెళ్ళి చేశారు. దానికి ఈ మాటే ఉంది."

అతను కాగితం మీద రాసి చూపించాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "అక్కడ సీ కాదు, ఎస్. పంతులుగారి రాయి బాబూ, అక్షరం తప్పుండకూడదు."

ఖననం రోజున ఒబ్దూలియా కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చింది. రాయిమీది మాటను కూడబలుక్కుని చదివి అక్కడే నిలబడిపోయింది.

"లారీ తోలింది మా నాన్నే. నీతో చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో."

"తెలుసే. ఊళ్ళో తెలియనిదెవరికి?"

"మరి ఇన్నేళ్ళూ నాతో ఎలా మాట్లాడావే?"

"నువ్వు తోలలేదుగా."

ఒబ్దూలియా భుజాలు అదిరేలా ఏడ్చింది. బెనెదిక్త ఆమె కర్ర అందుకుని, రెండో చేత్తో ఆమె నడుము చుట్టి, రాయి పక్కనున్న అరుగు మీద కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది.

"మా నాన్న మీకు చదువు చెప్పాడు. గుర్తుందా?" అంది.

"ఎందుకు లేదు? అక్షరాలు దిద్దించింది ఆయనే," అంది ఒబ్దూలియా.

"అయితే చెప్పవే. నాకంటే నువ్వు ఆరేళ్ళు పెద్ద, నీకే ఎక్కువ తెలుసు. ఎలా ఉండేవాడు?"

ఒబ్దూలియా ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది.