డిక్షనరీ మీద బామ్మర్ది వేలు

సీనా నది పొంగి, ఒడ్డు పొడుగునా జొన్నచేలు ఊడ్చుకుపోయిన ఏడాది అది. మరాఠీ గడ్డ మీది తెలుగు సాలెవాళ్ల దాజీ పేటలో సిద్ధరాములు సేటు తన రంగుల కొట్టుకు ఒక మనిషి కోసం చూస్తున్నాడు. డబ్బాల మీది ఇంగ్లీషు చదివి, అందులో ఉన్నట్టు నూలుకు రంగు వేయించాలి. ఆ పని తనకే రావాలని మగ్గం నేసే కిష్టయ్య ఆశ. మోకాళ్లు పట్టేసి, గుంట మగ్గంలోంచి లేవాలంటే గోడ పట్టుకోవలసి వస్తోంది అతనికి.

మంగళవారం బజారులో పాత ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి కొన్నాడు. అర్థాలు మరాఠీలో ఉన్నాయి. మరాఠీ బడిలో కూర్చున్నవాడే కనుక అది ఇబ్బంది కాలేదు. మొదటి పుట నుంచి బట్టీ పట్టసాగాడు. మగ్గం అచ్చులోకి పడుగు పోగులు ఎక్కించేటప్పుడు ఒక్క పోగు వదిలినా బట్ట పొడుగునా గీత పడుతుంది. పుస్తకమూ అంతేననుకుని ఒక్క మాటా వదల్లేదు. వానలు వెళ్లిపోయినా మొదటి అక్షరం దాటలేదు.

అతని బామ్మర్ది దత్తాత్రికీ ఆ పని మీదే కన్ను. వాడికి పుస్తకం లేదు. సాయంత్రం పూట వచ్చి, "బావా, ఓపాలి బుక్కు ఇయ్యరాదు" అనేవాడు. డబ్బా మీద చూసి అరచేతిలో రాసుకున్న మాట ఒక్కటే వెతికేవాడు. పుస్తకం నడిమికి తెరిచి, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు తిప్పేసరికి వేలు ఆగేది. అర్థం చూసుకుని వెళ్లిపోయేవాడు. కిష్టయ్య ఓర్చుకోలేకపోయేవాడు. ఆ వేలు ఎలా ఆగుతుందో అడగాలని ఉండేది కానీ, పిల్లనిచ్చిన ఇంటివాడిని అడగడమా అని నోరు కట్టుకునేవాడు.

ఒకనాడు దత్తాత్రి గడపలో అడుగు పెట్టగానే, "బుక్కు లేదురా. కుంఠా నాకా కాడుండే దోస్తు తీస్కపోయిండు" అన్నాడు. పుస్తకం నూలు కండెల గంప కింద ఉంది.

తమ్ముడు వెళ్లాక కిష్టయ్య పెళ్లాం గోదావరి రాట్నం ఆపింది.

"ఆ దోస్తు మన గంప కిందనే ఉంటడా?"

"నువ్వు కండెలు సుట్టు."

"సుడుతనే ఉన్న. నా తమ్ముడు సూస్తే నీ బుక్కుల అచ్చరాలు అరిగిపోతయా ఏంది?"

మర్నాడు సేటు ఇద్దరినీ పిలిపించాడు. కొత్త ఎర్రరంగు డబ్బా ముందుపెట్టి, నీళ్ల గురించి రాసిన చోట ఒక మాట చూపించాడు.

"గీ నీళ్లు ఎసొంటియో చెప్పుండ్రి. పోయినపాలి మసలబెడితే నూలంత మచ్చలు పడ్డది."

'లూక్‌వార్మ్' అని ఉంది. కిష్టయ్య నేర్చిన మాటల్లో అది లేదు.

"సల్లటియి" అన్నాడు నోటికొచ్చింది.

"నువ్వేమంటవు దత్తు?"

"నాకు రాదు సేటు. బుక్కుల సూసి చెప్త. మా బావది ఉంది గని, కుంఠా నాకాకు పోయిందట."

"రేపు పొద్దుగాల తెప్పియ్ కిష్టయ్యా. లేకుంటే మీరిద్దరు వద్దు, పక్క గల్లీ అంబాదాస్‌ను పెట్టుకుంట."

ఇంటికి రాగానే కిష్టయ్య గంప జరిపాడు. తనే ఆ మాట పట్టుకుంటే పని తనది. బామ్మర్దిలాగే నడిమికి తెరిచాడు. అక్షరాలు గుర్తుపట్టగలడు కానీ, ఏది ఏ అక్షరం వెనక వస్తుందో ఎప్పుడూ నేర్వలేదు. వెనక్కి పోవాలో ముందుకు పోవాలో అంతుపట్టలేదు. పుస్తకం మూసేశాడు. తీసుకుపోకపోతే అంబాదాస్ వస్తాడు, దత్తాత్రికీ దక్కదు. ఆ తలపుకు ప్రాణం కాస్త చల్లబడింది. కానీ రేపటి నుంచి తనూ మగ్గం గుంటలోనే. ఈ పుస్తకం ఎలా వెతకాలో తెలియక గంప కింద ఇలాగే పడి ఉంటుంది.

తెల్లవారగానే పుస్తకం చంకలో పెట్టుకుని కొట్టుకు వెళ్లాడు. సేటు చూస్తుండగా బామ్మర్ది ముందు పెట్టాడు.

"ఇంట్లనే ఉండె. నేనే దాసిన" అన్నాడు.

దత్తాత్రి పుస్తకం నడిమికి తెరిచాడు. వేలు కదిలింది, ఆగింది.

"కోమట్ పాణీ, సేటు. గోరువెచ్చటి నీళ్లు."

సేటు కొట్టు తాళంచెవి తీసి దత్తాత్రి చేతిలో పెట్టాడు. కిష్టయ్య అటు చూడలేదు. బామ్మర్ది పక్కనే చతికిలబడి పుస్తకం మూసేశాడు.

"ఇంకోపాలి తియ్యి. నిమ్మలంగ తియ్యి, నేను సూడాలె."