హర్లీన్ పేరుతో వెళ్లినామె

కెనడా నుంచి వచ్చిన ఉత్తరాన్ని వకీలు తర్సేమ్ సోధీ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు ఏడేళ్లుగా అక్కడే ఉంటున్నావట బిడ్డా. ఉన్నదానివి మళ్లీ వీసాకు అర్జీ ఎందుకు పెట్టావంటున్నారు."

హర్లీన్‌కు నవ్వొచ్చింది. పంజాబ్‌లోని మోగాలో బడిపిల్లలకు లెక్కలు చెప్పుకునే తనకు లూధియానా వెళ్లడమే గగనం. వకీలు మాత్రం నవ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు చావ్లా. ఇరవై రెండేళ్లప్పుడు చదువు వీసా కోసం తను ఆశ్రయించిన ఏజెంటు. ఇంటర్వ్యూలో తడబడకూడదంటూ ఆమె చేత నోటుపుస్తకం నిండా తన బతుకంతా రాయించాడు. అమ్మ ఏ పాట పాడేది, మొదట ఏ పన్ను ఊడింది, అన్నీ. తర్వాత వీసా రాలేదన్నాడు, పాస్‌పోర్టు పోయిందన్నాడు, చివరికి దుకాణమే ఎత్తేశాడు.

"ఆ పుస్తకం, పాస్‌పోర్టు రెండూ ఎవరికో అమ్ముకున్నాడు," అన్నాడు సోధీ. "అప్పుడు వేలిముద్రలు ఇచ్చావా?"

"లేదు, వకీల్ సాబ్."

"అదే చిక్కు. వాళ్ల దగ్గరున్నవి నీ పేరుతో వెళ్లినామెవి. హర్లీన్ అంటే వాళ్లకు ఆ వేళ్లే."

కెనడావాళ్లు ఇద్దరినీ తమ చిన్నతనం గురించి ప్రమాణపత్రం రాయమన్నారు. హర్లీన్ నాలుగు పేజీలు రాసింది. రెండు నెలలకు అవతలామె రాసిన దాని నకలు వచ్చింది. పదకొండు పేజీలు. అక్షరాలు కూడా హర్లీన్ అక్షరాల్లాగే ఎడమకు ఒరిగి ఉన్నాయి.

వరండాలో బఠాణీలు ఒలుస్తున్న తల్లికి, తన బీబీకి, అది చదివి వినిపించింది. "కోట్‌కపూరాలో అత్తవాళ్లింట్లో గోధుమల డ్రమ్ములో దాక్కున్నాను. మూత పడిపోయింది. బీబీ మూత తీసినప్పుడు ఆమె చున్నీ ఉల్లిపాయ వాసన వేసింది." చదవడం ఆపింది. "చూశావా బీబీ, ఎలా అల్లిందో."

బీబీ చేతులు ఆగిపోయాయి.

"అల్లింది కాదు. నీకప్పుడు నాలుగేళ్లు. వారం రోజులు జ్వరంతో పడి ఉన్నావు. లేచాక నీకేం గుర్తులేదు. మీ నాన్న చంపేస్తాడని నేనెవరికీ చెప్పలేదు."

"మరి నేను ఆ పుస్తకంలో రాయలేదు. నాకే తెలియదుగా."

"అదే నేనూ అనుకుంటున్నా," అంది బీబీ మెల్లగా.

ఆ పత్రం కింద ఫోన్ నంబరు ఉంది. మర్నాడు బడి విరామంలో హర్లీన్ ఫోన్ చేసింది.

"చేస్తావనుకున్నాను," అంది అవతలి గొంతు. అచ్చం మోగా యాస.

"నీ అసలు పేరేంటి?"

"ఆ పుస్తకం రోజూ చదివేదాన్ని. ఒకరోజు మా అమ్మను తలచుకుంటే మీ అమ్మ ముఖం వచ్చింది. మళ్లీ మా అమ్మ ముఖం రాలేదు. నా పేరు నీకేమైనా తెలుసా, చెల్లీ?"

హర్లీన్ ఫోన్ పెట్టేసింది.

చలికాలంలో తీర్పు వచ్చింది. అక్కడున్న ఆమే హర్లీన్ అన్నారు. పై కోర్టుకు వెళ్దామన్నాడు సోధీ. హర్లీన్ వద్దంది. ఇంకో ప్రమాణపత్రం అడిగితే ఆమె ఇంకేం రాస్తుందోనని భయం.

ఆ ఆదివారం బీబీ కూతురి ముఖంలోకి చూడకుండా అడిగింది. "ఆ నంబరు ఓసారి ఇవ్వు."

"ఎందుకు బీబీ?"

"పాపం, వాళ్లమ్మ ముఖమే మరిచిపోయిందంటివి కదా."

హర్లీన్ ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకూ తెలియదు. వంటింట్లో రొట్టెల పిండి కలుపుతుంటే వరండాలోంచి తల్లి గొంతు వినిపించింది. "అవునే, ఆ డ్రమ్మే," అంటూ బీబీ నవ్వుతోంది. ఆ నవ్వు హర్లీన్ ఎప్పుడూ వినలేదు.