ఖాళీ డబ్బీల పిలుపు

గెర్టీ వేలన్ ఇన్‌హేలర్‌ని గట్టిగా కుదిపింది. లోపల డబ్బీ గడగడమంది. నోట్లో పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చి, ఊపిరి బిగబట్టి, వంటింటి కుర్చీలో కూలబడింది. ఆ కూలబడటం కోసమే కాచుక్కూచున్నట్టు బల్ల కింద నుంచి నల్ల కుక్కపిల్ల ఒక్క గెంతులో వచ్చి ఒళ్లో పడింది. రోజూ ఇంతే. ఛాతీలో పిల్లికూతలు తగ్గేదాకా ఆమె లేవదు, వాడు దిగడు.

వాడి పేరు డఫ్. కావాలనే పొట్టి పేరు పెట్టింది. పొడుగు పేరు పిలవాలంటే మధ్యలో ఊపిరి చాలదు.

యాభై దాటిన మనిషి. పడవ లాగిన తండ్రి భుజాలే ఆమెకూ వచ్చాయి. పీతముళ్లు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బిపోయాయి, ఉంగరం పట్టదు. పట్టినా, ఉంగరం తొడిగినవాడు లేడు. లియో ఎక్కడో పడమట ఆల్బర్టా చమురు పనికి పోయాడు. మొదట్లో ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. తర్వాత క్రిస్మస్‌కి చేసేవాడు. తర్వాత క్రిస్మస్ ఒక్కటే వచ్చేది.

ఒకప్పుడు ఫ్లింట్ కోవ్ అనే ఈ కెనడా రేవు ఊళ్లో గెర్టీ గొంతంటే గొంతు. పొగమంచులో దారి తప్పిన పడవల్ని రేవు చివర నిలబడి కేకేసి ఒడ్డుకు తెచ్చేది. ఆమె కేకేస్తే అవతలి ఒడ్డున కోళ్లు కూడా తలెత్తి చూసేవని చెప్పుకునేవాళ్లు. ఆ గొంతును పీతల ఆవిరి తినేసింది. ఇందులో తలరాత లేదు, దేవుడి పరీక్షా లేదు. కిటికీల్లేని షెడ్డులో తొట్లకు తొట్లు పీతలు ఉడకబెట్టి, ఆ ఆవిరిలో ఆడవాళ్లను ఏళ్లకేళ్లు నిలబెడితే వచ్చే జబ్బు అది. ఊళ్లో దాన్ని పీతదగ్గు అంటారు, అదేదో వానాకాలం జలుబైనట్టు.

కేక లేని మనిషికి కుక్కపిల్ల ఎందుకని ఊరు అడిగింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని ఆమె చెప్పలేదు. ఎలుకల కోసమంది.

ఇప్పుడు గండం గొర్రెలతో వచ్చింది. సముద్రం మీదికి వంగిన కొండ మీద అంబ్రోస్ బాబాయ్ గొర్రెలు మేస్తాయి. డఫ్ ఇప్పటికే ఒకసారి వాటిలో పడి తరిమాడు. బెదిరిన గొర్రెపిల్ల ఒకటి అంచుదాకా పోయి, రాయి అడ్డుపడి బతికింది. ఆ సాయంత్రం అంబ్రోస్ టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"నీ మీద కోపం లేదమ్మాయ్. వాడి మీదా లేదు. మళ్లీ నా గొర్రెల్లో కనిపించాడా, తుపాకీ తీస్తాను. తర్వాత నువ్వు నాతో మాట్లాడినా సరే, మానేసినా సరే."

ఆ ఊళ్లో అది న్యాయమే. ఆమె కాదనలేదు.

కట్టేసి పెంచుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. సలహాకు ఊపిరి అక్కర్లేదు కదా! పోయిన వారం నీలం తాడు చేతికి చుట్టుకుని వాడిని తిప్పుతుంటే, వాడు సముద్రకాకిని చూసి లాగాడు. ఆమె రోడ్డు మధ్యలో మోకాళ్ల మీద పడి చేపలా నోరు తెరిచింది. వాడు లాగితే ఆమెకు ఊపిరాడదు. వదిలితే వాడికి ఊపిరి ఉండదు. అదీ సంగతి.

పీతల ఫ్యాక్టరీలో గెర్టీ పక్కన పనిచేసే డల్సీకి ఒక తమ్ముడున్నాడు. రేపు ట్రక్కు వేసుకుని సెయింట్ జాన్స్ పట్నం వెళుతున్నాడు. అక్కడ డఫ్ కోసం కంచె ఉన్న ఇల్లు ఒకటి చూశాడు. ఇవాళ తాడు విప్పాక డఫ్ పిలిస్తే వచ్చాడా, ఇక్కడే ఉంటాడు. రాలేదా, రేపు ట్రక్కెక్కుతాడు.

పెరట్లో బాగానే నేర్చుకున్నాడు. తాడు విప్పడం, తొడ మీద చరచడం, రాగానే పీతకాలి ముక్క నోట్లో పెట్టడం. ప్రతిసారీ వచ్చాడు. కోటు జేబు నిండా పీతముక్కలు వేసుకుని గెర్టీ బయల్దేరింది.

ఫ్యాక్టరీ పక్క మైదానంలో ఎవరూ లేరనుకుని తాడు కొక్కెం తీసింది. డఫ్ గిర్రున ఒక చుట్టు చుట్టాడు. ఆమె తొడ మీద చరిచింది.

"డఫ్!"

వాడు చెవులు రిక్కించాడు. బాణంలా వచ్చాడు. వచ్చి, ఆమె పక్కనుంచే దూసుకుపోయాడు. ఫ్యాక్టరీ తలుపు దగ్గర తెల్ల బూట్లు, తలకు వలటోపీలు వేసుకుని నిలబడ్డ ఆడవాళ్లలో పడ్డాడు. ఒకామె చెయ్యి నాకి, ఇంకొకామె ఏప్రాన్ నాకి, డల్సీ బూటు మీద బోర్లాపడి కడుపు చూపించాడు.

"ఒసేయ్ గెర్టీ, నీ కొడుక్కి తల్లెవరో తెలీట్లేదే!" అంది డల్సీ. చిన్నప్పటి నుంచి గెర్టీ పక్కన నిలబడి పని చేసిన మనిషి, నోటికి తలుపు లేదు.

"నా మొగుడు ఒక్కనాడు నన్ను చూసి ఇంత సంబరపడలేదు," అంది వెనకనుంచి ఒకామె. అందరూ పగలబడి నవ్వారు. నవ్విన వాళ్లలో సగం మంది దగ్గారు.

"ఏం పెట్టి నేర్పావే?"

"పీత."

"నీ బుర్ర తగలెయ్య! ఈ ఊళ్లో ఎవర్ని నాకినా పీతే కదే తగిలేది! వాడి లెక్కలో మనమంతా గెర్టీలమే."

గెర్టీ కూడా నవ్వింది. నవ్వుతూనే తన చేతులు వాసన చూసుకుంది. అదే బూటు, అదే ఏప్రాను, ఎంత రుద్దినా చర్మం వదలని అదే వాసన. ఇన్నేళ్లలో తనదంటూ, ఇంకెవరికీ లేనిది, ఒక్కటైనా మిగిలిందా? కుక్కకేం తెలుసు, నిజమే చెప్పింది.

అంబ్రోస్ వచ్చి డఫ్‌ని మెడపట్టి లేపాడు. ఆమె పనిలో ఉన్నంతసేపూ వాడిని తన వరండాలో కట్టేసి కాపలా కాసేది ఆయనే. తుపాకీ తీస్తానన్నదీ ఆయనే. ఊరంటే అంతే.

"ఇదేనా నీ చదువు, దొంగవెధవా?" అన్నాడు వాడితో. గెర్టీ వైపు తిరిగి, "సాయంత్రం కొండ మీదికి తెస్తాను. అక్కడే చూద్దాం. పొగమంచు పట్టేట్టుంది," అన్నాడు.

సైరన్ మోగింది.

లోపల ఆవిరి. తొట్టిలోంచి బుట్ట లేచినప్పుడల్లా తెల్లటి గోడొకటి వచ్చి మొహానికి తగులుతుంది. గెర్టీ పీతను రెండు చేతులా పట్టుకుని ఇనుప అంచుకేసి విరుస్తుంది, డొల్ల ఒకవైపు, కాళ్లు ఒకవైపు. మళ్లీ పీత. ఒకసారి యూనియన్ మీటింగులో లేచి నిలబడి ఫ్యాను అడిగింది గెర్టీయే. అప్పటికింకా గొంతుంది. కంపెనీ ఫ్యాను పెట్టింది. తొట్టి వెనక పెట్టింది. అది ఆవిరిని తొట్టి దగ్గర్నుంచి తీసి ఆడవాళ్ల మొహాన కొడుతుంది. మేనేజరు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

"సిగరెట్లు తగ్గించు గెర్టీ," అంటాడు ఫోర్‌మన్, ఆమె దగ్గినప్పుడల్లా. జన్మలో సిగరెట్టు ముట్టని మనిషి. డాక్టరు మాత్రం మందు రాయడం ఆపి మొహంలోకి చూసి చెప్పింది, "ఆ షెడ్డు వదిలెయ్. ఇంతకంటే నా దగ్గర మందు లేదు." సీజను పూర్తి చేయకపోతే సర్కారు ఇచ్చే చలికాలం నిరుద్యోగ భృతి రాదు. డాక్టరుకి ఆ సంగతి తెలీదని కాదు, దానికీ ఆమె దగ్గర మందు లేదు.

టీ విరామంలో డల్సీ బెంచీ మీద కూచుని జేబులోంచి ఇన్‌హేలర్ తీసి కుదిపింది. గడగడ.

గెర్టీ చేతిలో రొట్టె ఆగిపోయింది.

ఆ చప్పుడుకి బల్ల కింద నుంచి ఎవరొస్తారో ఆమెకు తెలుసు. పెట్టిన ముక్కకు కాదు, పిలిచిన పేరుకి కాదు. ఎవరూ నేర్పకుండా, రోజూ, గెంతుకుంటూ.

"డల్సీ, అయిపోయిన డబ్బీలు ఏం చేస్తావే?"

"అయిపోయిన మొగుణ్ణి ఏం చేశానో అదే. బయటికి గెంటుతా."

"నాకియ్యి. ఒక్కటైతే వంటిల్లు దాటి వినపడదు. కొండ మీద వినపడాలి."

డల్సీ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఏమీ అడక్కుండా లేచి, గదిలో వాళ్లందరికీ వినపడేట్టు అరిచింది. "ఖాళీ డబ్బీలు తియ్యండే! గెర్టీ కొడుకు ట్రక్కెక్కకూడదు!"

సంచుల అడుగు నుంచి, కోటు జేబుల్లోంచి, లాకర్ల మూలల నుంచి వచ్చాయి. బొటనవేలంత డబ్బీలు, వెండి రంగువి. యూనియన్ చందా ఇంత తొందరగా ఏనాడూ వసూలు కాలేదు. గెర్టీ ఏప్రానులో కుప్ప పడింది. అందరూ ఆ కుప్ప చుట్టూ చేరారు. ఎవరి జేబులో వాళ్లకు ఒక్కటే ఉంది గనక ఎవరి దగ్గు వాళ్లదే అనుకున్నారు ఇన్నాళ్లూ.

"ఇంతుందా?" అంది ఒకామె నెమ్మదిగా.

వలదారంతో వాటి మెడలు బిగించి దండ కట్టింది గెర్టీ. వలలు అల్లిన వంశం, ముడి జారదు. ఊపితే గొర్రె మెడగంటల గుత్తిలా మోగింది.

సాయంత్రం కొండ మీద పొగమంచు అప్పటికే ఎక్కుతోంది. కింద సముద్రం కనపడదు, వినపడుతుంది. గొర్రెలు మంచులో రాళ్లలా ఉన్నాయి. అంబ్రోస్ డఫ్‌ని తెచ్చాడు. తుపాకీ కూడా తెచ్చాడు, భుజాన.

"అది అక్కర్లేదు బాబాయ్."

"అక్కర్లేకపోతే భుజానే ఉంటుంది."

ఆమె వంగి కొక్కెం తీసింది. నీలం తాడు చేతిలో వదులుగా వేలాడింది.

డఫ్ ముక్కు పైకెత్తాడు. గొర్రె వాసన తగిలింది. పోయాడు. నల్లటి చుక్క, తర్వాత అదీ లేదు, మంచు. గొర్రెలు ఒక్కసారిగా అరిచాయి. గిట్టల చప్పుడు అంచు వైపు జరిగింది. అంబ్రోస్ చెయ్యి తుపాకీ పట్టీ మీదికి పోయింది.

గెర్టీ దండ ఎత్తి ఊపింది. డబ్బీలు గలగలమన్నాయి. ఊరి ఆడవాళ్ల ఊపిరంతా ఒక్కచోట మోగినట్టుంది.

మంచులో డఫ్ ఆగాడు. చెవులు లేచాయి. ఆమె వైపు చూశాడు. గొర్రెల వైపు చూశాడు. మళ్లీ ఆమె వైపు. రాలేదు.

"చూశావా..." అన్నాడు అంబ్రోస్ గొంతు తగ్గించి.

ఆమె మళ్లీ ఊపింది. చెయ్యి అంత పైకెత్తేసరికి ఛాతీ బిగుసుకుంది, పిల్లికూతలు మొదలయ్యాయి. నిలబడలేక, తడిగడ్డిలో ఉన్నపాటున కూలబడింది.

అంతే. డఫ్ గొర్రెల్ని వదిలేశాడు. చెవులు వెనక్కి వాలి, నాలుక పక్కకి వేలాడి, రాళ్ల మీంచి దూకుతూ వచ్చి ధడేలుమని ఒళ్లో పడ్డాడు. తడి ముక్కు ఆమె గడ్డం కింద పెట్టి, ఎప్పటిలాగే, పిల్లికూతలు తగ్గేదాకా కాపలా కూచున్నాడు.

ముందు చప్పుడు, తర్వాత ఒడి. ఇంట్లో వరస అదే. మోతకి ఎవరైనా తలెత్తుతారు. ఒడి కోసమే వస్తారు. ఆమె నిలబడి పిలుస్తున్నంతసేపూ సగమే పిలిచింది.

ఇంకోసారి వదిలింది. మోగించి, కూచుంది. వచ్చాడు. ఈసారి ఒక గొర్రెపిల్ల పక్కనుంచే, దాన్ని చూడకుండా వచ్చాడు.

అంబ్రోస్ తుపాకీలోంచి తూటా తీసి జేబులో వేసుకున్నాడు. "కుక్క బాగానే ఉంది," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "నువ్వే బాగోలేవు పిల్లా," అన్నాడు.

"సోమవారం నేను పనికి పోవట్లేదు బాబాయ్."

"ఏం తింటావు?"

"చూస్తాను. ముందు ఊపిరి పీల్చాలి కదా."

ముసలాయన గొర్రెల వైపు తిరిగాడు. "నా మోకాళ్లు ఈ కొండ ఎక్కనంటున్నాయి. పిలిస్తే తిరిగొచ్చే కుక్క ఉన్న మనిషి ఎవరైనా ఉంటే బాగుండు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

శనివారం ట్రక్కు ఖాళీగా పోయింది. అదే పొద్దున గెర్టీ ఫ్యాక్టరీకి వెళ్లి ఏప్రాను, బూట్లు అప్పగించింది. గుమ్మం బయట కూచున్న డఫ్ మెడకు తాడు లేదు.

సోమవారం సైరన్ మోగింది. ఆడవాళ్లు లోపలికి వచ్చి బట్టల గదిలో ఆగారు. గెర్టీ కోటు తగిలించే మేకుకి వేలాడుతున్నదాన్ని ఫోర్‌మన్ తీసేయబోయాడు.

"ముట్టుకోకు," అంది డల్సీ. జేబులోంచి ఇన్‌హేలర్ తీసి, అతని మొహం ముందు గడగడ కుదిపి, తాపీగా పీల్చింది. ఆమె వెనక ఇంకొకరు కుదిపారు. తర్వాత ఇంకొకరు. "మేనేజరుతో మీటింగు ఎప్పుడో చెప్పు. ఫ్యాను సంగతి మాట్లాడాలి."

మేకుకి నీలం తాడు, గెర్టీ చెయ్యి పట్టిన చోట రంగు వెలిసి, కొక్కెం తెరుచుకుని, ఆవిరికి మెల్లగా ఊగుతోంది.