పాలరాయి మీద పసుపు

ఆఖరి అక్షరంలో ఇస్తారి నల్లరంగు నింపుతున్నాడు. ఇంగ్లీషు అతనికి రాదు. అతని మటుకు అది కాలు విరిగిన కుర్చీ. దాని పక్కది కొడవలి. మస్కట్ దగ్గర రుసైల్‌లోని పాలరాళ్ళ కంపెనీలో పదకొండేళ్ళుగా కుర్చీలూ కొడవళ్ళూ చెక్కుతున్నాడు. ఒక్కటీ వంకరపోలేదు. చదువు వచ్చి ఉంటే అర్థాలు చూసుకుంటూ చెయ్యి తప్పేవాడేమో.

ఈ రాయి మస్కట్ చర్చి గోడకు. ఎక్కడో తన దేశంలో కన్నుమూసిన ఒక ముసలి శాస్త్రజ్ఞుడి పేరు మీద. రోడ్లు లేని రోజుల్లో గాడిదెక్కి ఈ కొండలన్నీ కొలిచాడట. ఇవి ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవని తేల్చాడట. ఆ సంగతి చెప్పింది ఫోర్‌మన్ ఖమరుద్దీన్, కడప మనిషి.

"మరి గా నీళ్ళన్ని యాడికి వోయినయి భాయ్? మన క్యాంపుకు ట్యాంకర్ గూడ సక్కగ రాదు."

"ఆ దొరనే అడగాల్సింది. పాయె గదప్పా."

రంగు పని అయ్యాక ఇస్తారి తడిగుడ్డతో రాయి తుడిచాడు. పేరుకు పైన, రూపాయి బిళ్ళంత పచ్చటి మరక తేలింది.

ఏ రాయికైనా తొలి ఉలిదెబ్బకు ముందు పసుపుబొట్టు పెట్టాలి. తండ్రి నేర్పిన పని. పెట్టి తుడిచేస్తే నల్లరాయి ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడి పాలరాళ్ళూ ఇన్నేళ్ళూ దాచాయి. ఈ ఒక్క తెల్లరాయే తాగి కూర్చుంది.

"చర్చి రాయికి పసుపేందప్పా!" ఖమరుద్దీన్ నెత్తి పట్టుకున్నాడు. "సాయంత్రం అస్ర్ నమాజు వేళకు ఫాదర్ వస్తాడు. మరక జూస్తే మేనేజరు రేపే నీ వీసా క్యాన్సిల్ జేస్తాడు. యాసిడ్ పొయ్యి."

"యాసిడ్ వోస్తే రాయే కరుగుతది. ఎండకు వెడ్త."

"ఎండకా?"

"మా దేవవ్వ పసుపంటిన చీరలకు గట్లనే జేస్తది."

మొదట్నుంచీ వలసపనులే. పద్దెనిమిదేళ్ళ కాపురంలో భార్య పక్కన అతను గడిపినవి పట్టుమని పది నెలలు. ఇంటిపనిలో అతను గమనించింది ఇదొక్కటే. చాలామంది మొగుళ్ళకు ఇదీ తెలియదు.

పెరట్లో చెక్కల మీద రాయిని పరిచారు. జులై ఎండ. మరక ఎండలో ఉండాలి. పచ్చిరంగు మీద ఎండ పడితే పొక్కులు లేస్తాయి. అక్షరాల మీద అట్టముక్క కప్పితే గాలికి జారి రంగుకు అంటుకోబోయింది. అట్ట తీసేసి, ఇస్తారి తన నీడనే అక్షరాల మీద పరిచాడు. పొద్దు నడినెత్తిన ఉన్నంతసేపూ రాయి మీదికి వంగి నిలబడ్డాడు. పొద్దు వాలినకొద్దీ తనూ జరిగాడు. మధ్యమధ్య మరకను తడిపాడు. రెప్పల మీద రాతిపొడి, చొక్కా కింద ఎంచదగిన ఎముకలు. అన్నానికి పిలిస్తే చెయ్యి ఊపాడు.

పసుపు ఎండుగడ్డి రంగుకు దిగింది. గడ్డిరంగు పాలమీగడకు దిగింది.

కాసేపటికి ఒంటికి చెమట పట్టడం ఆగిపోయింది. మంచిదే అనుకున్నాడు, రంగు మీద చుక్క రాలదు. కాళ్ళు తనవి కానట్టుంటే గోనెసంచుల కట్టకు ఆనుకుని కూర్చున్నాడు. నీడ అక్షరాల మీదే ఉందా అని చూసుకున్నాడు. ఉంది.

ఖమరుద్దీన్ టీ గ్లాసుతో వచ్చి రాయి మీదికి వంగాడు.

"పోయిందప్పా మరక! నీ పెండ్లాం శానా తెలివైంది. ఇంద, తాగు."

గ్లాసు పక్కన పెట్టాడు. ఇంకోసారి పిలిచాడు. భుజం పట్టుకుని కదిపితే ఇస్తారి పక్కకు ఒరిగాడు. అక్షరాల మీద ఎండ పడింది. రంగు అప్పటికే ఆరిపోయింది.

ఫాదర్ చెప్పిన వేళకే వచ్చాడు. అక్షరాల మీద వేళ్ళు నడిపి, మంచి పనివాడన్నాడు. ఖమరుద్దీన్ తల ఊపాడు. రాయికి దుప్పటి చుట్టి పికప్‌లో పడుకోబెట్టారు. అంతకు ముందు వెళ్ళిన పికప్‌లో ఇస్తారి ఉన్నాడు. అతనికి తలదాకా చుట్టిందీ స్టోర్ రూమ్ దుప్పటే.

పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయ్యేసరికి పెరడు ఖాళీ. గోనెసంచుల పక్కన టీ గ్లాసు అలాగే ఉంది, మీగడ కట్టి, ఆ నేల వేడికి ఇంకా చల్లారకుండా.